లంక ఖాళీ తీర్మానం

ఆ ఏడాది వానలు మొదలయ్యేసరికి పోలమ్మలంక పడమటి గట్టు కోత పడుతూ పేట ఇళ్ళ పెరళ్ళలోకి వచ్చేసింది. ఉన్నట్టుండి దభాలుమని చప్పుడయ్యేది. ఓ కొబ్బరిచెట్టో, ఎవరిదో పశువులపాకో గోదాట్లో కలిసిందన్నమాట. మొదట్లో జనం పరిగెత్తుకెళ్ళి చూసేవారు. రానురాను చేతిలో పని ఆపడం కూడా మానేశారు.

పేటలో చర్చి పక్క ఇల్లు కృపమ్మది. మొగుడు సీమోను పోయి చాలాకాలమైంది. కొబ్బరిపీచు తాడు పేని కూతురు విజయకుమారిని రాజోలు హైస్కూలుకి పంపుతోంది. నాలుగక్షరాలు చదవగల మనిషని ఆడవాళ్ళ సీటులో ఆమెను పంచాయతీ మెంబరుగా నిలబెట్టి గెలిపించింది సర్పంచి సూరయ్యగారే. లంక నడిమధ్య తోటలు ఆయనవీ, బంగారరాజుగారివీ. పేట వాళ్ళంతా ఆ తోటల్లోనే పని చేసుకు బతుకుతారు.

ఎనభై ఆరు వరదలో పేట పేటంతా చర్చి డాబా ఎక్కి కూర్చుంటే నావ తీసుకొచ్చిందీ సూరయ్యగారే. వరద సుడులు చూసి నావ నడిపే సరంగు వెనకాడితే, తనే గెడ పుచ్చుకున్నారు. జ్వరంతో మూలుగుతున్న విజయకుమారిని రెండు చేతులా ఎత్తి నావలో పడుకోబెట్టారు. ఆ మేలు కృపమ్మ ఏ ప్రార్థనలోనూ మరిచిపోలేదు.

వరద వెళ్ళిన రెండేళ్ళకి మండలం ఆఫీసు నుంచి ఓ అధికారి వచ్చి, వరద ఊళ్ళకి అభివృద్ధి గ్రాంటు వచ్చిందని చెప్పాడు. పంచాయతీ అర్జీ పెట్టుకుంటే గోదారి దాటి ఏటిగట్టు అవతల స్థలం కొని పక్కా ఇళ్ళు, రోడ్డు, కుళాయిలు ఇస్తారు. కానీ, లంక కాపురానికి పనికిరాదని తీర్మానం చేసి పంపాలి. ఆ తర్వాత లంకలో బడికి గానీ కరెంటుకి గానీ రేవుకి గానీ ప్రభుత్వం ఖర్చు పెట్టదు.

"గట్టుకి రాళ్ళు పోయించరాండీ?" అని అడిగాడు పేట మెంబరు నూకరాజు.

"ఆ నిధులు వేరండీ. ఎప్పుడొస్తాయో నేను చెప్పలేను. ఇది మీకొద్దంటే వేరే ఊరికి వెళ్ళిపోద్ది," అన్నాడు అధికారి.

సమావేశం ముందురోజు సాయంత్రం సూరయ్యగారు కబురంపారు. కృపమ్మ వెళ్ళి అరుగు కింద నిలబడింది. ఆయన భార్య ఆదిలక్ష్మిగారు చూరులో దోపిన గ్లాసు తీసి మజ్జిగ పోశారు.

"రాళ్ళకట్ట కోసం నేనే కాకినాడ వెళ్ళి పెద్దాఫీసర్ని కలుస్తాను కృపమ్మా. ఇంకో ఏడాది ఓపిక పడదాం," అన్నారు సూరయ్యగారు.

"ఆయ్."

"మీరంతా గట్టు దాటి వెళ్ళిపోయేరనుకో, ఈ తోటలు ఎవరు చూస్తారు? అక్కడ మీకు మాత్రం పనెవరిస్తారు?"

"ఆయ్, నిజమేనండీ."

"అయితే రేపు నీ చెయ్యి మనవైపేగా?"

కృపమ్మ గ్లాసు వైపు చూసింది. ఆయన ముఖంలో బెదిరింపేమీ లేదు. రాత్రిళ్ళు నిద్రలేని మనిషిలా ఉన్నారు. ఆ ముఖం మీద కాదని ఎలా అంటుంది?

"ఆయ్," అంది.

ఇంటికొచ్చే దారిలో సలోమి ఇంటి ముందు ఆగింది. సలోమి ఆమె చెల్లెలి వరసది, బిడ్డను కని మూణ్ణెల్లు కాలేదు. ఉయ్యాలకి ఓ తాడు కట్టి, రెండో కొస తన మణికట్టుకి ముడేసుకుంటోంది.

"ఇదేంటే?"

"కునుకు పట్టేస్తందక్కా. నేల జారితే ఉయ్యాల లాగుద్ది కదా, మెలకువ రావద్దూ!"

కృపమ్మ లోపలికెళ్ళి చూసింది. పొయ్యి దగ్గర నుంచి గుమ్మం దాకా నేల బీటలిచ్చింది. పేడతో పూసినా పూత మళ్ళీ విడిపోయింది. వంగి చెవి పెడితే కింద ఎక్కడో నీళ్ళు గట్టుని కొడుతున్న చప్పుడు. సలోమి కట్టుకున్న తాడు తను పేనిందే. నాసిరకం పీచు, గట్టిగా లాగితే తెగేది. ఆ మాట కృపమ్మ చెప్పలేకపోయింది.

మర్నాడు బడిలో సమావేశం జరిగింది. బంగారరాజుగారు లేచి, "తాతలనాటి ఊరుని మన చేత్తో మనమే చచ్చిందని రాసిస్తామా?" అని అరిచారు. నూకరాజు తల దించుకునే, "ఊరు చచ్చిందని కాదండీ, మనుషులు చావకూడదనండీ," అన్నాడు. చాలాసేపు అవే మాటలు తిరిగితిరిగి వచ్చాయి. చివరికి చేతులెత్తమంటే సగం ఇటు, సగం అటు లేచాయి. మిగిలింది కృపమ్మ.

సూరయ్యగారు నిబ్బరంగా ఆమె వైపు చూశారు. కృపమ్మ చెయ్యెత్తింది. "అర్జీ పెడదామండీ," అంది. గొంతు ఆమెకే వినబడలేదు. రెండోసారి చెప్పాల్సి వచ్చింది.

ఆయన గుమాస్తాకి తీర్మానం తనే చెప్పి రాయించారు. 'పోలమ్మలంక మనుష్య నివాసమునకు యోగ్యము కాదు' అనే వాక్యం దగ్గర ఒక్కక్షణం ఆగి, పూర్తి చేసి, సంతకం పెట్టారు. అందరూ వెళ్ళాక బడి మెట్ల దగ్గర కృపమ్మని ఆపారు.

"నిన్న ఆయ్ అన్నావు కదమ్మా."

"అన్నానండీ."

"కాదని నా మొహానే చెప్పుంటే నేను కోప్పడేవాణ్ణా?"

"కోప్పడతారని కాదండీ. మీ మొహం చూస్తా చెప్పలేకపోయేనండీ. మా పిల్లని..." అని మొదలుపెట్టి ఏడ్చేసింది.

"ఆ సంగతి దీన్లోకి తీసుకురాకు," అని సూరయ్యగారు చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. కోప్పడినా బాగుండేదనిపించింది ఆమెకి.

గ్రాంటు మంజూరైంది. మరుసటి ఎండాకాలానికి ఏటిగట్టు అవతల వరిచేను పూడ్చి కాలనీ కట్టారు. చర్చి బెంచీలూ గంటా నావలో దాటించారు. పాస్టరుగారు సమాధుల దగ్గర నిలబడి ప్రార్థన చేశారు. వాటిని తీసుకెళ్ళే దారి లేదు. సీమోను సమాధి మీది సున్నం పెచ్చు ఒకటి ఊడిపడితే కృపమ్మ కొంగున కట్టుకుంది. కాలనీకి వచ్చాక మూట విప్పితే పొడి పొడిగా రాలిపోయింది.

కాలనీలో నేల కదలదు. సలోమి కంటినిండా నిద్రపోతోంది. కానీ బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, వానొస్తే గుమ్మాల్లోకి బురద నీళ్ళొస్తాయి. చేరువలో పని లేదు. ఆడవాళ్ళు తెల్లారకుండా బస్సెక్కి మలికిపురం వెళ్ళి కొబ్బరికాయలు వలుస్తున్నారు. "గట్టు దాటించి ఏం బావుకున్నాం?" అని ఒకరిద్దరు కృపమ్మకి వినబడేలాగే అనేవారు.

లంకలో బడి మూతపడింది. కరెంటు తీగలు విప్పుకుపోయారు. ఎక్కే జనం లేక నావ వారానికోసారే తిరుగుతోంది. బంగారరాజుగారు తోట అయినకాడికి అమ్మి రావులపాలెంలో అరటి వ్యాపారం పెట్టుకున్నారు. సూరయ్యగారూ ఆదిలక్ష్మిగారూ మాత్రం కదల్లేదు. చెట్టెక్కి దింపులు తీసేవాడు లేక కొబ్బరికాయలు వాటంతటవే రాలి, గడ్డిలో మొలకెత్తుతున్నాయని సరంగు చెప్పాడు.

అది విన్న ఆదివారం, ఆరాధన అయ్యాక కృపమ్మ సలోమినీ ఇంకో ఇద్దర్నీ వెంటబెట్టుకుని నావెక్కింది. ఎవరినీ అడక్కుండా తోటలో దిగి, పొద్దు వాలేదాకా రాలిన కాయలు ఏరి ఇంటిముందు రాశి పోశారు. సూరయ్యగారు అరుగు మీద కూర్చునే ఉన్నారు. బాగా చిక్కిపోయారు. పని అంతా అయ్యాక ఆదిలక్ష్మిగారు లోపలి నుంచి నాలుగు గ్లాసుల్లో మంచినీళ్ళు తెచ్చారు. ఇంట్లో వాళ్ళు తాగే గ్లాసులే.

"కూలి ఎంతివ్వాలి?" అని అడిగారు సూరయ్యగారు, ఎటో చూస్తూ.

"కూలికి రాలేదండీ."

"మరెందుకొచ్చేరు? ఇక్కడ మనుషులుండరని రాసేంగా. నేనేగా సంతకం పెట్టేను."

కృపమ్మ తడిచేతులు కొంగుకి తుడుచుకుంది. "వచ్చే ఆదివారం కూడా వస్తామండీ," అంది.

ఆయన మొదటిసారి ఆమె వైపు తిరిగారు. గొంతులో కోపం లేదు.

"వద్దు కృపమ్మా. మీరొచ్చి కాసేపు మాటలు వినబడి, మళ్ళీ వెళ్ళిపోతే... ఆ తర్వాత మరీ భరించలేకుండా ఉంటంది. మీ అమ్మగారి వల్ల కాదు," అన్నారు భార్యని చూపిస్తూ.

ఆదిలక్ష్మిగారు గ్లాసులు తీసుకుని లోపలికెళ్ళిపోయారు. రేవు దగ్గర సరంగు తొందరపెడుతున్నాడు. నావ కదిలాక కృపమ్మ వెనక్కి తిరిగి చూసింది. గట్టు మీద కొత్తగా మూడు చెట్లు ఒరిగి, వేళ్ళు నీళ్ళలో ఆడుతున్నాయి. వాటి వెనకాల తోటలో ఎక్కడా దీపం లేదు.

తర్వాత ఆమె లంకకి వెళ్ళలేదు. వాన పడ్డ రోజుల్లో మాత్రం, ఇంట్లోకొచ్చిన నీళ్ళు తోడిపోసి, గొడుగేసుకుని ఏటిగట్టు దాకా నడిచేది. అక్కడ కాసేపు నిలబడి, సరంగు కనిపిస్తే పెద్దాయన ఎలా ఉన్నారని అడిగి, తిరిగొచ్చేది.