ఆదివారానికి మారిన సోమవారం

మూడు రోజుల వరస సెలవుల్లో మొదటి పొద్దు, శనివారం. తొమ్మిదైనా కోడలు మంచం దిగలేదు. కర్టెన్ సందులోంచి ఎండ కాళ్ల మీదికి పాకింది. పక్కన మొగుడు గుర్రు పెడుతున్నాడు. ఆమె పైకి చూస్తూ లోకంలో ఎవరికీ పనికిరాని సంగతులు ఆలోచిస్తోంది. ఫ్యాన్‌కి మూడు రెక్కలే ఎందుకు? పిల్లిని పెంచేంత ఓపిక తనకుందా? పళ్లు తోముకోకుండా ఎంతసేపు మర్యాదగా బతకొచ్చు? నిన్న సాయంత్రం నుంచి ఫోన్ ఒక్కసారి కూడా కుయ్యిమనలేదు. ఎంత హాయి.

ఒక్కసారి కూడా కుయ్యిమనలేదు.

దిగ్గున లేచి కూర్చుంది.

ఆమె రాసిన ప్రోగ్రామ్ ఒక ఆసుపత్రి తరఫున డయాలసిస్ పేషెంట్లకి మెసేజ్‌లు పంపుతుంది. సోమవారం సెలవు కాబట్టి, ఆ రోజు రావాల్సిన ఇరవై ఆరుగురినీ ఆదివారమే రమ్మని నిన్న ఆరింటికి మెసేజ్ వెళ్లాలి. సరిచూసుకోవడానికి ఆ లిస్టులో తన నంబరూ ఉంటుంది. తనకే రాలేదంటే ఎవరికీ వెళ్లలేదు.

ఎందుకు వెళ్లలేదో కూడా తెలుసు. పోయిన నెల టెస్టింగ్ కోసం రాసుకున్న 'తిన్నావా' అనే మెసేజ్ పొరపాటున పేషెంట్లందరికీ పోయింది. పద్నాలుగు మంది 'తిన్నాం' అని జవాబు కూడా ఇచ్చారు. ఆ సిగ్గుతో, టెస్టింగ్ జరిగేటప్పుడు ఏదీ బయటికి పోకుండా ప్రోగ్రామ్‌కి ఒక తాళం లాంటిది పెట్టింది. నిన్న మధ్యాహ్నం వేసిన ఆ తాళం, ఇంటికొచ్చే తొందరలో తీయలేదు.

లాప్‌టాప్ తెరిస్తే, మెసేజ్ వెళ్లిపోయినట్టే అన్ని పేర్ల పక్కనా పచ్చటి టిక్కులు. తాళం తీసి మళ్లీ పంపబోతే, ఒకసారి పంపినవాళ్లకి రెండోసారి పంపనని మొరాయించింది. ఆ తెలివీ తనదే. టీమ్ లీడ్ ఫోన్ స్విచాఫ్.

ఆసుపత్రికి ఫోన్ చేస్తే డ్యూటీలో ఉన్న నర్సు పేషెంట్ల లిస్టు ముందేసుకుంది.

"ఇక్కడ నేనొక్కదాన్నే ఉన్నానండీ. ఫోన్లు సగం నేను చేస్తా, సగం మీరు చెయ్యండి. సోమవారం వస్తే తలుపులు మూసుంటాయి. బుధవారం దాకా ఖాళీ లేదు. అన్నాళ్లాగితే ఒంట్లో నీరు చేరి వాళ్లకి ఊపిరాడదు."

హాల్లో అత్తగారు పేపరు చదువుతున్నారు. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ముప్పై ఏళ్లు ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి.

"ఏంటమ్మాయ్, సెలవు పూట ఆ మొహమేంటి?"

"కొంప ముంచాను అత్తయ్యా."

చెబుతూనే మొదటి నంబరు నొక్కింది. "సారీ అండీ, ఆసుపత్రి నుంచి..." అనేసరికి అవతల ఎవరో గొల్లుమన్నారు. సర్దిచెప్పి పెట్టేసేసరికి ఆమెకి చెమటలు పట్టాయి.

"నీ అసాధ్యం కూలా, ముందే సారీ ఏంటి? చావుకబురు అనుకోరూ?" అత్తగారు పేపరు మడిచారు. "ముందు నువ్వెవరో చెప్పు. తర్వాత రోజు, టైము. వాళ్ల చేత తిరిగి చెప్పించుకో. ఏడుపంతా ఆఖర్న ఏడుద్దువుగాని."

పదకొండున్నరకి పన్నెండు మంది అయ్యారు. నర్సు తన వంతు పదమూడూ పూర్తయ్యాయని చెప్పింది. మిగిలిన ఒక్క నంబరూ మోగి మోగి ఆగిపోతోంది. నాలుగోసారీ అంతే. అత్తగారు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నారు.

ఐదోసారికి ఒకావిడ ఎత్తింది. వెనకాల హారన్లు, సీట్ల కోసం ఎవరివో అరుపులు.

"మావారి డయాలసిస్సా? సోమవారం కదమ్మా. ఈలోపు మా తమ్ముడి ఊరెళ్లొద్దామని బస్సెక్కాం. సోమవారం పొద్దున్నే దిగిపోతాం."

"రేపే అండీ. రేపు ఏడింటికి. సోమవారం మూసేస్తారు. బస్సు దిగండి."

"మాకే మెసేజూ రాలేదే."

"రాలేదండీ. నేను పంపలేదు. తప్పు నాది."

అవతల ఇంజన్ స్టార్టయిన చప్పుడు.

"ఏవండీ," అంటోంది ఆవిడ, ఫోన్‌కి దూరంగా, "లేవండి. బాబూ డ్రైవరూ, కాస్త ఆపు, మావారు మెల్లిగా దిగుతారు."