తీగ తెగలేదు

పొద్దున్నే సంచి సర్దుకునేటప్పుడు జూరా అన్నిటికన్నా ముందు చేతితొడుగులు చూసుకుంటుంది. మోడెమ్, రౌటర్, ఫైబర్ తీగ కత్తిరించే కత్తెర, వేగం కొలిచే పాత ఫోను, ఇవన్నీ ఆ తర్వాతే. వీటిలో ఏది మర్చిపోయినా వెనక్కొచ్చి తెచ్చుకోవచ్చు. తొడుగులు మర్చిపోతే మాత్రం ఎవరూ గడప తొక్కనివ్వరు. ఒట్టి చేత్తో తీగ పట్టుకుంటే అందులో పోయేదంతా జూరాకి వినబడుతుంది. కొండల నడుమ ఉన్న అట్‌బాషీలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. ఒకరిది ఎడమచేతి వాటం, ఒకరికి పాలు పడవు, జూరాకి తీగలు వినబడతాయి, అంతే. ఇంటర్నెట్ పెట్టించుకునేవాళ్ల మొదటి మాట "తొడుగులు తెచ్చావా?" అని. "టీ తాగుతావా?" అన్నది రెండోది.

ఆ నవంబరు ఉదయం ఆఫీసులో ఇచ్చిన కాగితం మీద అడ్రసు చూసి జూరా దాన్ని మడిచి, మళ్లీ విప్పింది. వాగు అవతలి ఊళ్లో సైరా ఇల్లు. తోటి పనివాడు కాలు బెణికి మంచం మీద ఉన్నాడు, లేకపోతే ఈ పని అతని నెత్తిన పెట్టేదే.

సైరాకి, జూరాకి పంతొమ్మిదేళ్లుగా మాటల్లేవు. అప్పట్లో జూరా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసేది. తొడుగుల సంగతి అప్పుడెవరూ పట్టించుకునేవారు కాదు. సైరా చెల్లెలు బురుల్ ఆమెకి ప్రాణస్నేహితురాలు. బురుల్ పెళ్లి ఇంకో వారం ఉందనగా, ఒకరోజు తీగ సరిచేస్తుంటే పెళ్లికొడుకు గొంతు వినబడింది. ఎవరో అమ్మాయితో అంటున్నాడు, "నువ్వు రాకపోతే నాకిది పెళ్లే కాదు. నా ప్రాణం నువ్వు." జూరా ఆ సాయంత్రమే వెళ్లి స్నేహితురాలికి చెప్పేసింది. పెళ్లి ఆగిపోయింది. పది రోజుల తర్వాత తెలిసింది, ఆ అమ్మాయి అతని సొంత చెల్లెలని, దూరంగా ఓష్‌లో పిన్ని దగ్గర పెరిగిందని. అప్పటికే అతను ఊరొదిలి వెళ్లిపోయాడు. బురుల్ ఇంకెవరినీ చేసుకోలేదు.

అప్పట్నుంచి జూరా తొడుగులు లేకుండా తీగ ముట్టుకోలేదు. ఎప్పుడైనా తొడుగు చిరిగి ఒక ముక్క చెవిన పడినా పెదవి దాటనివ్వలేదు.

ఆఫీసు బండి ఆ ఇంటి వాకిట్లో దింపి వెళ్లేసరికి పదయింది. కొండల మీద ఆకాశం ఉన్నిలా మురికిగా, కిందికి దిగి ఉంది. సాయంత్రానికి మంచు పడుతుందని రేడియోలో చెప్పారట. సైరా కొడుకు తిలెక్ మంచులో జారకుండా వ్యాను చక్రాలకి గొలుసులు కడుతున్నాడు. లేచొచ్చి నిచ్చెన అందుకున్నాడు.

"పదకొండుకల్లా అవుతుందా అక్కా? డాక్టరు గారు పదకొండుకి లైన్లోకి వస్తానన్నారు."

"అవుతుంది తమ్ముడూ."

"మేరిమ్ రాత్రి నిద్రపోలేదు. నిజం చెప్పాలంటే ఎవరమూ పోలేదు."

మేరిమ్ అతని భార్య. ఇంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈసారి ఎనిమిది నెలలు దాటింది. అట్‌బాషీలోనే పెరిగి ఇప్పుడు రాజధానిలో ఉన్న ఇస్కెందర్ డాక్టరు వారం వారం బిడ్డ గుండె చప్పుడు చూడాలన్నాడు. కడుపుకి పట్టీ కట్టి గుండె గీతలు పంపే చిన్న మిషను ఒకటి ఊరి నర్సు అసిల్‌కాన్ దగ్గరుంది. కానీ అది ఇంటర్నెట్ లేకుండా పనిచేయదు. ఆ ఊళ్లో ఫోను సిగ్నల్ గుట్టెక్కితేగాని రాదు. అందుకే ఈ లైను.

సైరా గుమ్మంలో నిలబడి ఉంది. "తొడుగులు?" అంది.

జూరా చేతులు చూపించింది.

"పని అయ్యేదాకా తియ్యకు," అని లోపలికి వెళ్లిపోయింది. టీ మాట ఎత్తలేదు.

స్తంభం నుంచి ఫైబర్ తీగని చూరు కిందుగా లాగి, కిటికీ మూలలో చిల్లు పెట్టి, ముందుగదిలో మోడెమ్‌కి కలిపింది జూరా. పచ్చలైటు నిలబడింది. రౌటర్ మాత్రం ఎక్కడ పెట్టాలో సైరా ముందే నిర్ణయించుకుంది. అతిథుల గదిలో, పరుపుల దొంతర పక్కనున్న రేకుపెట్టెలో పెట్టి, పైన కుట్టుపని గుడ్డ కప్పాలని.

"దుమ్ము పడదు. ఎవరి కళ్లూ పడవు," అంది.

"రేకుపెట్టెలోంచి సిగ్నల్ బయటికి రాదక్కా."

"అంత డబ్బు పోసి కొన్నది పెట్టె దాటలేదా?"

జూరా వాదించలేదు. ఆ ఇంట్లో వాదించే హక్కు తనకి లేదనుకుంది. పెట్టె మూత తెరిచి ఉంచి, రౌటర్ని అంచున పెట్టి, గుడ్డ సగమే కప్పింది.

పదకొండుకి అసిల్‌కాన్ మేరిమ్‌ని వెనకగదిలో పడుకోబెట్టి పట్టీ కట్టింది. తన ఫోను కిటికీలో నిలబెట్టింది. డాక్టరు గొంతు ముక్కలు ముక్కలుగా వచ్చింది. "గీత... మధ్యలో... తెగిపోతోంది... మీ లైను..."

జూరా తన ఫోను పట్టుకుని ఆ గదిలో నిలబడి కొలిచింది. రెండు ఎంబీ. ముందుగదిలో నలభై ఉంది. మధ్యలో మూరెడు మందం మట్టిగోడ, ఇనప పొయ్యి, ఆ రేకుపెట్టె. ఇక సైరా ముఖం చూడకుండా రౌటర్ని పెట్టెలోంచి తీసి, పొడుగు తీగ వేసి, వెనకగది ద్వారం పైన, టోపీలు తగిలించే మేకు పక్కన కట్టింది. మళ్లీ కొలిచింది. ముప్పై ఎనిమిది. ఇంకో రెండుసార్లు కొలిచింది. ముప్పై ఎనిమిదే.

"ఆఁ, ఇప్పుడు మాట బాగుంది," అన్నాడు డాక్టరు ఫోనులోంచి. గొంతు పక్కగదిలో ఉన్నంత తేటగా వచ్చింది. "గీత కూడా వస్తోంది. నూట నలభై. మంచిది. అమ్మా మేరిమ్, తలనొప్పి ఏమైనా ఉందా?"

"లేదండీ."

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. పది నిమిషాలు గడిచాయి.

"మళ్లీ తెగింది," అన్నాడు డాక్టరు. "అర నిమిషం గీతే లేదు. ఇదిగో వచ్చింది. ఆ లైను పెట్టినావిడకి చెప్పండి, ఇంకా సరిగ్గా లేదని."

అసిల్‌కాన్ మిషను చూసింది. దాని మీద నూట నలభై అనే ఉంది. "ఇక్కడ బాగానే ఉందండీ."

"అందని చప్పుడుని అది చూపించదమ్మా, పాత అంకె మీదే ఆగిపోతుంది. వచ్చినంతవరకు బాగుంది. లైను బాగుచేయించుకోండి, సోమవారం మళ్లీ చూద్దాం."

సైరా జూరా వైపు తిరిగింది. "వచ్చింది మొదలు నాలుగుసార్లు కొలిచావు. కొలవడమే వచ్చా నీకు?"

జూరా మోడెమ్ దగ్గరికి వెళ్లింది. పచ్చలైటు కన్నార్పకుండా ఉంది. లైను తెగలేదు. పదహారేళ్లుగా తీగలు కడుతున్న మనిషికి తెగిన లైను ఎలా ఉంటుందో తెలుసు. తెగితే డాక్టరు గొంతు కూడా తెగాలి. "అర నిమిషం గీతే లేదు" అన్న మాటలో ఒక్క అక్షరం కూడా రాలిపోలేదు. మరి గీత ఎక్కడికి పోయింది?

సంచి సర్దుకుని వెళ్లిపోవచ్చు. సోమవారం ఇంకెవరినో పంపమని ఆఫీసులో చెప్పొచ్చు. ఆమె చెయ్యి అప్పటికే కుడి తొడుగు వేళ్లు ఒక్కొక్కటీ లాగుతోంది. తలుపు చాటుకి జరిగి, మోడెమ్ నుంచి రౌటర్‌కి పోయే తీగని ఒట్టి గుప్పిట్లో పట్టుకుంది.

మొదట డాక్టరు గొంతు, ఎవరో వేసిన తలుపు చప్పుడు. వాటి కింద, చాలా కిందుగా, గుర్రప్పిల్ల పరుగులాంటి చప్పుడు. టకటక, టకటక. బిడ్డ గుండె. జూరా కళ్లు మూసుకుంది. పరుగు కాసేపు సాఫీగా సాగింది. అంతలోనే ఎత్తెక్కుతున్నట్టు నెమ్మదించింది. టక. టక. ఆగిందా? లేదు. టక. మిషను పట్టుకోలేనంత సన్నగా, అలిసిపోయి వస్తోంది. మళ్లీ ఎక్కడినుంచో బలం తెచ్చుకుని పరుగందుకుంది.

తను డాక్టరు కాదు. విన్నదానికి అర్థం తెలియకే ఒకసారి ఒకరి బతుకు పాడుచేసింది, అదీ ఈ ఇంటి ఆడపిల్లది. గుండెలు ఇలాగే కొట్టుకుంటాయేమో, పొట్టలో బిడ్డలు నిద్రపోతారేమో. లోపల అసిల్‌కాన్ పట్టీ విప్పబోతోంది.

"విప్పకమ్మా," అంది జూరా.

గుమ్మంలోకి వచ్చిన ఆమె చేతిలో తొడుగు చూసి సైరా ముఖం మారిపోయింది.

"డాక్టరు గారూ, నేను లైను పెట్టినదాన్ని. లైను తెగలేదండీ. గీత లేదన్నప్పుడు కూడా మీ మాట పూర్తిగా వచ్చింది. నెమ్మదిస్తున్నది లైను కాదు."

"నోరు ముయ్యి," అంది సైరా. అరవలేదు, అరిచినా అంత నొప్పి పుట్టేది కాదు. "నీ చెవిని నమ్మి మా చెల్లెలు ఇప్పటికీ ఒంటరిగా ఉంది. మళ్లీ మా ఇంటికే వచ్చావా?"

సైరా అన్నదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు.

మంచం మీదనుంచి మేరిమ్ అంది, "చెప్పనివ్వండి అత్తయ్యా. పొద్దుట్నుంచి నాకూ మనసు బాగోలేదు. మీరు భయపడతారని చెప్పలేదు. లోపల కదలిక తగ్గింది."

ఫోనులోంచి డాక్టరు అడిగాడు, "ఎలా తెలిసింది మీకు?"

"తీగ పట్టుకుని విన్నానండీ."

"తొడుగులు లేకుండానా?"

"లేకుండానే."

"అయితే మళ్లీ పట్టుకోండి. గడియారం ఉందా? పావు నిమిషానికి ఎన్ని కొట్టుకుందో పైకి చెప్పండి."

జూరా ద్వారం దగ్గర నిలబడి, పైనున్న తీగని అందుకుంది. తిలెక్ తన చేతిగడియారం విప్పి ఆమె కళ్ల ముందు పట్టుకున్నాడు. అతని చెయ్యి వణకడంతో ముల్లు కనబడలేదు. సైరా వచ్చి కొడుకు మణికట్టు గట్టిగా పట్టుకుని నిలబెట్టింది.

"ముప్పై అయిదు," అంది జూరా. "ముప్పై ఆరు. ముప్పై నాలుగు." తర్వాత లెక్క పడిపోయింది. "ఇరవై. పదిహేడు. పదహారు."

"మేరిమ్‌ని ఎడమవైపుకి తిప్పండి," అన్నాడు డాక్టరు.

"పదిహేడు. ఇరవై రెండు. ముప్పై."

"ఇక చాలు. వెంటనే నరిన్ ఆస్పత్రికి బయల్దేరండి. వాళ్లకి నేను ఫోన్ చేసి ఆపరేషన్ గది సిద్ధం చేయిస్తాను. పక్కకే పడుకోబెట్టి తీసుకెళ్లండి. సాయంత్రందాకా ఆగకండి."

గొలుసులు కట్టడం ఒక చక్రానికి మిగిలిపోయింది. అలాగే బయల్దేరారు. వ్యాను వెనక కంబళ్లు పరిచి మేరిమ్‌ని పడుకోబెట్టారు, అసిల్‌కాన్ ఆమె తల ఒళ్లో పెట్టుకుంది. వ్యాను వాగు మలుపు తిరిగేసరికి మొదటి మంచు రాలడం మొదలైంది. రేడియోవాళ్లు చెప్పిన సాయంత్రం మధ్యాహ్నానికే వచ్చేసింది.

జూరా లోపలికొచ్చి నేల మీద పడిన తీగ ముక్కలు ఏరుకుని సంచి భుజానికి వేసుకుంది.

"ఎక్కడికి?" అంది సైరా.

"నడిచి పోతానక్కా. రోడ్డు ఇంకా తెలుస్తూనే ఉంది."

"కూర్చో. ఒక్కదాన్నే ఉండలేను."

ఇద్దరూ పొయ్యికి చెరోవైపు కూర్చున్నారు. సైరా పిండి కలిపి సేమియా తీసింది, ఉప్పు రెండుసార్లు వేసింది. ఇద్దరూ ఆ సంగతి పైకి అనకుండా తిన్నారు. రెండింటికి నరిన్ దారిలో కనుమ దగ్గర రోడ్డు మూసేశారని పొరుగింటాయన వచ్చి చెప్పాడు. ఎవరైనా అటువైపు దాటారా అంటే, తనకి తెలియదన్నాడు.

మూడైంది. నాలుగైంది. ఫోను మోగలేదు. సైరా దాన్ని పదిసార్లు చేతిలోకి తీసుకుని, పని చేస్తోందా అన్నట్టు జూరాకి చూపించింది. జూరా పదిసార్లూ తలాడించింది. లోపల మాత్రం ఒకటే పురుగు తొలుస్తోంది. ఊరికే కంగారుపెట్టి నిండు చూలాల్ని మంచులోకి పంపానా? దారిలో ఏమైనా అయితే? ఈసారి తన మాటతో పోయేది పెళ్లి కాదు.

"బురుల్ ఎలా ఉంది?" అని ఉన్నట్టుండి అడిగింది. ఆ ప్రశ్న ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకే తెలియదు.

సైరా పొయ్యిలో ఇంకో పిడక పెట్టింది. "కుట్టుమిషను పెట్టుకుంది. బాగానే ఉంది. మోకాళ్లు నొప్పి అంటుంది," అంది.

అయిదూ పావుకి ఫోను మోగింది. తెర మీద తిలెక్ ముఖం. ఏడ్చి ఏడ్చి వాచిపోయి ఉంది. సైరా గుండె మీద చెయ్యి వేసుకుంది.

"ఆడపిల్లమ్మా," అన్నాడు. "ఇద్దరూ బాగున్నారు. బొడ్డుతాడు మెడకి రెండు చుట్లు చుట్టుకుని, మధ్యలో ముడిపడి ఉందట. సోమవారందాకా ఆగి ఉంటే ఏమీ మిగిలేది కాదన్నారు. మేం దాటిన అరగంటకే రోడ్డు మూశారట."

సైరా తెర దగ్గరికి వంగి, వేలితో కొడుకు చెంప తడిమింది. బొమ్మ ఎక్కడా ఆగలేదు.

వాళ్ల మాటలు వాళ్లవని, జూరా చప్పుడు చేయకుండా లేచి, బొగ్గుల బకెట్టు తీసుకుని పెరట్లోకి వచ్చింది. మోకాలి లోతు మంచు. బకెట్టు నింపకుండానే గోడకి ఆనుకుని నిలబడింది.

తలుపు తెరుచుకుంది. సైరా చేతిలో ఫోను, నెత్తిన రుమాలు ఒక పక్కకి జారిపోయి ఉంది.

"ఆ చలిలో ఏం చేస్తున్నావు?" అంది. "లోపలికి రా. పిల్ల ఏడుస్తోంది, విందువుగాని."