గోడకెక్కని పదవి

అహరోను మోకాలి లోతు గుంత తవ్వి, నడుం పట్టుకుని నిలబడ్డాడు. బొగ్గుబావిలో చేసి రిటైరైన పెద్దాయన ఒకాయన పోయాడు. నాలుగు గంటలకు సమాధి. ఖానాపూర్ మొరం నేల ఎండకు బిగుసుకుపోయి ఉంది. పొద్దున్నే గంట కొట్టి, చర్చి ఊడ్చి, బెంచీలు తుడిచి ఇక్కడికొచ్చాడు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఇదే పని.

ఆ పనికి ఒక పేరుంది. చేర్చుకున్న రోజున పాత పాస్టరుగారే చెప్పారు: "నువ్వు మన గుడికి సెక్స్టన్‌వి రా. గంట కొట్టేటోడు, గుడి సూసుకునేటోడు, సమాధి తవ్వేటోడు, అంత కలిస్తే సెక్స్టన్." భార్య పోయింది, పిల్లలు లేరు. అహరోనుకు మిగిలిన ఆస్తి ఆ ఒక్క మాటే.

అవతల చర్చి గోడ మీద పెయింటర్ వెంకటి పదవుల పట్టిక రాస్తున్నాడు. నూరేళ్ల పండుగకని సెక్రటరీ తిమోతి దగ్గరుండి రాయిస్తున్నాడు. పాస్టర్ అంటే కాపరి, డీకన్ అంటే పరిచారకుడు, స్టూవార్డు అంటే గృహనిర్వాహకుడు, పక్కన పేర్లు. ఆ పరిచారకుడు ఏనాడూ చీపురు పట్టి ఎరుగడు. పరిచర్య అంటే ఇస్త్రీ చొక్కా కాబోలు!

అహరోను మట్టి చేతులతోనే వెళ్లాడు. "తిమోతి సారూ, నా పేరు సుత రాయించుండ్రి. సెక్స్టన్ అహరోను."

వెంకటి కుంచె ఆపి కిసుక్కున నవ్వాడు. తిమోతి ముఖం మాడిపోయింది.

"ఏం మాటయ్యా గది? గోడ మీద తెలుగుల రాస్తే ఆడోళ్లు, పోరగాండ్లు సదువరా? గుడి ఇజ్జత్ పోతది."

"తప్పు మాట కాదు సారూ. ఇంగ్లీషోళ్లు పెట్టిన పదవి."

"వేరే పదవి ఉంటె చెప్పు."

"గట్లయితే గంట కొట్టేటోడని రాయుండ్రి."

"గది పదవా?"

అహరోనుకు ఒళ్లు మండింది. ఊరందరి సమాధులూ తవ్వినవాడికి గోడ మీద జానెడు చోటు లేదు. తిరిగొచ్చి గుంతలోకి దిగాడు. కోపమంతా మట్టి మీదే చూపించాడు. కాసేపటికి ఛాతీ పట్టేసింది. గట్టుకు చేరగిలబడి కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు.

మూడింటికి గుంత చూడవచ్చిన తిమోతి అదిరిపడి, బదిలీ మీద కొత్తగా వచ్చిన పాస్టరుకు ఫోన్ చేశాడు.

"అయ్యగారూ, మన అహరోను పోయిండు."

"ఏ అహరోను?"

తిమోతి మాట కోసం తడుముకున్నాడు. ఉన్న ఒక్క మాటా నోట రాలేదు. "గదే అయ్యగారూ... గుంతలు తవ్వేటోడు."

"అయ్యో పాపం. మరి నాలుగింటికి గుంత?"

"సగమే అయింది."

అహరోనును ఎత్తి చాప మీద పడుకోబెట్టారు. గుంతలోకి దిగడానికి ఎవరూ ముందుకు రాలేదు. గడ్డపార మాత్రం మొరంలో దిగబడి, నిటారుగా నిలబడి ఉంది.