కాయ కాచిన చోటు

రామానుజ కుడి భుజం మీద కోడిగుడ్డంత కాయ ఉంది. ఇరవై రెండేళ్లుగా వాళ్ల ఊరి వరదరాజస్వామి గరుడవాహనాన్ని ఎత్తే పొడవాటి కొయ్యల్లో ముందు దండెను మోసి మోసి కాచిన కాయ అది. పైపంచె జారినప్పుడల్లా అది నలుగురి కంటా పడేలా చూసుకుంటాడు మహానుభావుడు.

అలాంటి మనిషి గుడి పక్కన పెట్టిన వైద్య శిబిరంలో మెడకు స్కానింగ్ చేయించుకున్నాడు. బీపీ కొంచెం ఎక్కువగా ఉందనీ, మెడలో రక్తనాళం గోడ కాస్త మందమైందనీ, ఇప్పుడే మేలుకుంటే మించిపోయిందేమీ లేదనీ చెప్పి, తిరుపతి నుంచి వచ్చిన డాక్టరు ప్రశాంతి రోజుకో మాత్ర రాసిచ్చింది. ఈయన చెవికెక్కింది మాత్రం మందం అన్న మాటొక్కటే. బయట కాయ కాచినట్టే లోపలా కాచిందట! స్వామి బరువు మోసిన నాళం గట్టిపడక ఏం చేస్తుందట! వీధి వీధీ తిరిగి అదే చెప్పుకున్నాడు. మాత్రలు బియ్యం డబ్బా వెనక్కి చేరాయి.

అక్కడే అవి ఆయన భార్య వకుళాదేవికి దొరికాయి. పది మాత్రల అట్టలో పదీ అలాగే ఉన్నాయి. ఆమెకు కోపం కంటే ముందు ఏడుపొచ్చింది. గరుడసేవ ఇంకా నెలన్నరే ఉంది. ఆ బరువు కింద ఈ మనిషి కూలిపోతే తన గతేమిటి? మరుసటి రోజే మొగుణ్ణి తిరుపతి బస్సెక్కించి, డాక్టరు ఎదుట కూర్చోబెట్టి, ఆయన చెప్పుకుంటూ తిరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పేసింది.

ప్రశాంతి నవ్వలేదు. లేచి వచ్చి ఆ కాయను బొటనవేలితో గట్టిగా నొక్కింది.

"నొప్పి తెలుస్తాందా స్వామీ?"

"ఆడ నొప్పి యాడిదమ్మా? పదేళ్లుగా గిచ్చినా తెలీదు," అన్నాడు రామానుజ గర్వంగా.

"లోపల కూడా అంతే. చెడిపోతా ఉన్నా తెలీదు."

రామానుజ పైపంచె భుజం మీదికి లాక్కున్నాడు. మాత్ర వేసుకుంటే దండె మోయనిస్తారా అని గొంతు తగ్గించి అడిగాడు. వకుళాదేవికి అప్పుడర్థమైంది. జబ్బని ఒప్పుకుంటే దండె వదిలేయమంటారని ఈ పిచ్చిమారాజు ఇన్నాళ్లూ భయపడి చచ్చాడు. ఆమెకు ఎంత జాలేసిందో చెప్పలేం. మాత్ర మానొద్దనీ, ఊరగాయ తగ్గించమనీ, సేవకు ముందు వచ్చి చూపించుకోమనీ, బీపీ దిగితేనే దండె పట్టాలనీ డాక్టరు గట్టిగా చెప్పి పంపింది.

సేవకు వారం ముందు వెళ్లి చూపించుకుంటే బీపీ దిగింది. డాక్టరు సరేనంది.

గరుడసేవ నాటి పొద్దున రామానుజ మాత్ర మింగి, నామం దిద్దుకుని కూర్చున్నాడు. ఏటా చేసినట్టే వకుళాదేవి ఆ కాయకు నూనె రాయబోయింది. ఆయన ఆమె చెయ్యి పట్టుకుని, అక్కణ్ణించి తీసి మెడ మీద పెట్టుకున్నాడు.

"ఆడ పెడితే నీ చెయ్యి గూడా తెలీదే నాకు. ఈడ పెట్టు, తెలుస్తాది."

ఆమె వేళ్ల కింద నాడి నెమ్మదిగా కొట్టుకుంటోంది. గుడి దగ్గర డోలు మొదలైనా ఆమె చెయ్యి తీయలేదు.