ఎర్రబట్ట వరుస

ముసుగు ఇంకాస్త కిందికి లాక్కుంటే మొహం కనపడదు గానీ తనకి గుమ్మం కనపడదు, గుమ్మం కనపడకపోతే వచ్చేదెవరో తెలియదు, అనుకుంటూ ఎస్తేరమ్మ నెల్లూరు ఆడవాళ్ళ ఆసుపత్రి వరండాలో, బల్ల చివర, ఒక కన్ను మాత్రం బయటపెట్టి కూర్చుంది, గొడుగు బాగుచేయించుకొస్తానని మొగుడు హెబ్రోనుతో చెప్పి విడవలూరులో మొదటి బస్సెక్కింది, తీరా గొడుగు ఇంట్లోనే మరిచిపోయింది, హెబ్రోను ఈపాటికి దాన్ని చూసే ఉంటాడు, చూసినా ఆయనకి అనుమానించడం చేతకాదు, బడిపంతులు, పెళ్ళాం సాక్ష్యం చెప్పిన దగ్గర్నుంచి మరీ మంచివాడైపోయాడు, మా ఎస్తేరుకి ప్రార్థనతోనే నయమైంది తెలుసునా అని వలలు ఆరబెట్టుకునేవాళ్ళని కూడా ఆపి చెప్తున్నాడు, అసలు ఆ గురువారం చర్చి స్త్రీల సమాజంలో లేచి నిలబడమని తనకెవరు చెప్పారు, రక్తం ఆగి వారమన్నా తిరగలేదు, ఊరికే ఉండలేక, అక్కలారా నేను బాగుపడినాను అనేసింది, అందరూ స్తోత్రం స్తోత్రం అన్నారు, పుష్పకుమారక్కయితే వెక్కి వెక్కి ఏడ్చింది, తను ఇంటికొచ్చి పొయ్యి రాజేస్తుంటే మళ్ళీ మొదలైంది, అప్పట్నుంచి నెలలో సగం రోజులు అదే పని, పాత చీరలన్నీ చింపి వాడేసింది, ఇంక కొత్తవే మిగిలాయి, మొన్న బావి దగ్గర చేద లాగుతూ కళ్ళు తిరిగి పడితే హెబ్రోను ఎండదెబ్బ అన్నాడు, ఔనంది, ఇంకోసారి గట్టు మీద కాక బావిలోనే పడుతుందేమో, ఇక్కడికొస్తే సాక్ష్యం అబద్ధమవుతుంది, రాకపోతే ప్రాణం పోతుంది, ఏది పెద్ద పాపమో పాస్టరుగారిని అడుగుదామంటే ముందు జబ్బేమిటో చెప్పాలి.

అయ్యో దేవా, ఆ నడక పుష్పకుమారక్కదే, సమాజం సెక్రటరీ, ముసుగేసుకుని సరాసరి వచ్చి తన పక్కనే కూర్చుంది, కూర్చున్నాక గానీ చూసుకోలేదు, ఎస్తేరూ నువ్వేందే ఈడ, మా చిన్నాయన కోడలు కాన్పుకొచ్చిందక్కా, చూసిపోదామని, మరి నువ్వో, నేనా, మా ఆడబిడ్డకి బాగలేదులే, అక్క మొగుడికి అక్కచెల్లెళ్ళే లేరు, తనకి చిన్నాయనే లేడు, ఆ సంగతులు ఇద్దరికీ తెలుసు, అయినా పాపం అని ఒకరినొకరు ఓదార్చుకున్నారు, ఇంతలో ఆయా ఆదిశేషమ్మ గుమ్మంలోకొచ్చి రేవులో చేపలు వేలం వేసినట్టు అరిచింది, తెల్లబట్టోళ్ళు ఈ పక్క, ఎర్రబట్టోళ్ళు ఆ పక్క, గర్బసంచి జారినోళ్ళు ముందుకి రండి, గడ్డలోళ్ళు గోడకానుకోండి, బిన్నా, బిన్నా కదలండి, డాక్టరమ్మకి ఆపరేషనుండాది, మళ్ళా సోమారం దాకా చూడదు, బల్లల మీద ఒక్కరూ కదల్లేదు, ఈమె తోడికోడలి కోసం వచ్చిందట, ఆమె పక్కింటావిడ కోసం, బురఖాలో ఉన్నామె ఎవరి కోసమో చెప్పను కూడా లేదు, ఆదిశేషమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని, బాగుండాదమ్మా, అందరూ చూడను వచ్చినోళ్ళే, జబ్బు మనిషి ఒక్కతీ లేదు, డాక్టరమ్మని కాపీ తాగి ఇంటికి పొమ్మని చెప్తా, అంటూ వెనక్కి తిరిగింది, నిజంగానే చెప్తుంది, దాని మొహం చూస్తేనే తెలుస్తోంది, సోమవారం దాకా అంటే ఆ బావిలో ఇంకా ఎన్ని బిందెలు తోడాలి, కింద తడి తగిలింది, కూర్చుంటే చీర పోతుంది, లేస్తే పరువు పోతుంది, లేచింది, ఆయాని కాదు గాని తన కాళ్ళని తిట్టుకుంటూ ఎర్రబట్ట పక్కకి పోయి నిలబడింది, వెనక్కి చూడకూడదనుకుంటూనే చూసింది, పుష్పకుమారక్క తెల్లబట్ట వరుసలో నిలబడి గోడ మీది కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం బొమ్మని ఎన్నడూ చూడనట్టు చూస్తోంది, అక్క వెనక బురఖా, బురఖా వెనక మరో ఇద్దరు, బల్లలు ఖాళీ అవుతున్నాయి.

లోపల డాక్టర్ కరుణాకుమారి తలెత్తకుండానే ఏంటమ్మా నీ బాధ అంది, కడుపునొప్పండీ, ఆ మాట దానంతటదే వచ్చేసింది, ఎన్నిసార్లని చెప్పింది, హెబ్రోనుతో కడుపునొప్పే అంది, సమాజంలో కడుపునొప్పే, అంతెందుకు, తలుపు గడియ పెట్టి మోకాళ్ళూనినప్పుడు కూడా ప్రభువా నా కడుపునొప్పి తీసెయ్యి అనే అడిగింది, ఎంత దేవుడైనా మగాడి ముందు ఆ మాట ఎట్లా అనేదని సిగ్గుపడింది, పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు, అడిగింది అడిగినట్టే ఇచ్చాడు, ఆ గురువారం నుంచి తనకి రాళ్ళు తిన్నా అరుగుతోంది, నవ్వు ఆగలేదు, నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి, సాక్ష్యం నిజమే, ప్రార్థనే అబద్ధం, చచ్చేంత జబ్బుని పేరు పెట్టి చెప్పుకోవడానికి ఇంతకాలం ఒక్క మనిషి దొరకలేదు తనకి, దేవుడితో సహా, డాక్టరమ్మ తలెత్తి చూసింది, ఎస్తేరమ్మ ముసుగు తీసేసి, కడుపు కాదమ్మా, ముట్టు, వస్తే నిలవడంలా, అని వరండా దాకా వినపడేట్టు చెప్పింది.