తీతు పానా

నిప్పు పుట్టని రోజు దేవుడి లెక్కలోకి వస్తుందా, రాదా? వరాహనరసింహానికి ఏళ్ల తరబడి ఇదే సందేహం. మంట ఆర్పినవాడికి దండ వేస్తారు. మంట రాకుండా చూసినవాడి మొహం ఎవరికి గుర్తుంటుంది? రోజూ పొద్దున్నే సింహాద్రి అప్పన్న పటం ముందు ఒత్తి వెలిగిస్తూ అడగాలనుకుంటాడు. వెలిగించిన అగ్గిపుల్లని గ్లాసులో నీళ్లలో ముంచి, చల్లారిందో లేదో వేలితో చూసుకుని, అడగకుండానే లేస్తాడు.

ఆ రోజూ అలాగే లేచి, ఖరగ్‌పూర్ సుభాష్‌పల్లిలో తన ఇంటి వరండాలో గోనెపట్టా పరిచి, సంచిలో సామాను సర్దుకుంటున్నాడు. వైరు బ్రష్షు, గుడ్డపీలికలు, తోలు వాషర్లు, గరాటు. అన్నిటికన్నా పైన ఇత్తడి పానా. మనిషి సన్నంగా, కాస్త ముందుకు వంగి ఉంటాడు. వేళ్ల చివర్లు యాసిడ్ తగిలి పసుపు తిరిగి బిరుసెక్కాయి. చొక్కాల నిండా చిల్లులే.

"ఏటండీ, మంచి సొక్కా ఏసినారు?" అంది భార్య దుర్గాంబ, కాఫీ గ్లాసు పెడుతూ. "రేపు కదా ఇశ్వకర్మ పూజ?"

"పాతది ఆరలేదు."

"పండగ పనిముట్లకి, మీకు కాదు. యాసిడ్ పడిందంటే నేను కుట్టడానికి గుడ్డ మిగలాలి గదా."

ఆయన కాఫీ ఒక్క గుక్కలో తాగాడు. పానాని తుడిచి సంచిలో పెట్టుకుని సైకిలెక్కాడు.

ఆయన పనిచేసే రామమూర్తి గారి కంపెనీ మలంచ రోడ్డులో ఒకటే గది, దాని వెనక ఒక సామాను కొట్టు. రైల్వే ఆఫీసులో రిటైరయ్యాక పెట్టాడు. దుకాణాలకి, గోదాములకి, సినిమా హాళ్లకి ఏడాది కాంట్రాక్టు మీద నిప్పార్పే సిలిండర్లు, దొంగల అలారాలు చూసిపెట్టే కంపెనీ. ఏడాదికోసారి సిలిండర్లలో పాత మందు పారబోసి కొత్తది నింపాలి. నింపినట్టు లేబులు అంటించాలి. రామమూర్తి గారు తెలుగువాళ్ల గుడి కమిటీలో పెద్ద. నుదుట గంధం ఎప్పుడూ ఆరదు.

"ముందు గోల్‌బజార్ బట్టల గోదాముకి వెళ్లు," అన్నాడు, రంగు డబ్బా, లేబుళ్ల కట్ట బల్ల మీద పెడుతూ. "రంగు వెయ్యి. లేబుళ్లు అంటించు. అలారం మాత్రం బాగా చూడు."

"మందు డబ్బాలు బాబుగారూ?"

"అక్కర్లేదు. గోదాం శేఠ్‌తో మాట్లాడేశాను."

"పోయినేడు నేను జొరంతో పడుంటే ఇంకొకర్ని పంపినారు. అప్పుడూ పొయ్యలేదంట."

"పొయ్యలేదు. అయితే పోయినేడు ఏమన్నా అయిందా?"

రామమూర్తి గారి ధైర్యమంతా ఆ మాటే. నరసింహం రంగు డబ్బా అందుకుంటూ కొట్టులోకి చూశాడు. పై అరలో ఆ గోదాం పేరు రాసిన మందు డబ్బాలు దుమ్ము పట్టి ఉన్నాయి. బిల్లులో మాత్రం అవి ఎప్పుడో ఖర్చయిపోయాయి.

గోదాం గేటు దగ్గర ముక్కాలి పీట మీద కాపలా తీతు కూర్చుని ఉన్నాడు. ఎడమ కన్ను మూసుకుపోయి, ఆ చెంప మీద చర్మం ముడుచుకుని ఉంటుంది.

"రావోయ్ నర్సింవా. మీ దేవుళ్లు గోడమ్మట నిలబడి నీకోసమే సూస్తన్నారు."

గోడ వెంట వరసగా సిలిండర్లు. గడిచిన రెండు విశ్వకర్మ పూజల కుంకుమ నూనెతో కలిసి, పెచ్చు మీద పెచ్చు కట్టి ఉంది. మూతకి ఎండిన దండలు వైరుతో బిగించి ఉన్నాయి. గొట్టం చిల్లు ఎక్కడుందో వేలితో తడిమితే తప్ప దొరకదు.

ఖరగ్‌పూర్‌లో ఇది కొత్త కాదు. వర్క్‌షాపు మరల దగ్గర్నుంచి ఇంట్లో కత్తిపీట దాకా విశ్వకర్మ నాడు బొట్టు లేని ఇనుము ఉండదు. నరసింహమూ తన పానాకి పెడతాడు. పెట్టిన మర్నాడు తుడుస్తాడు. ఇక్కడ తుడిచేవాడు లేడు. తీతు కన్ను పోయింది అలా తుడవని కుంకుమ వల్లే.

అప్పట్లో ఈ పని తీతుదే. ఏదో హోటల్లో ఎవరో సిలిండర్ గుండీ కొట్టి చూశారు. లోపల యాసిడ్ సీసా పగిలి సోడా నీళ్లు పొంగాయి. బయటికి పోదామంటే గొట్టంలో కుంకుమ గడ్డకట్టి ఉంది. ఆ పొంగంతా లోపల బిగబట్టుకుని కూర్చుంది. తీతు వెళ్లి పానా పెట్టి మూత తిప్పాడు. అది మొహం మీదికే వచ్చింది. దైవఘటన అన్నాడు రామమూర్తి గారు. తీతుకి ఇక్కడ కాపలా ఉద్యోగం ఇప్పించి, పుణ్యం చేశానని గుళ్లో చెప్పుకున్నాడు. తీతు జాగాలో చేరిన నరసింహానికి కంపెనీ ఇచ్చిన పానా పళ్లరిగిపోయి మూత మీద జారుతుంటే, తీతే తన సొంత పానా తెచ్చిచ్చాడు. "వాడుకో. నీ పనయిపోయినాక నాకిచ్చెయ్," అన్నాడు. ఆ తరవాత ఎప్పుడూ అడగలేదు.

నరసింహం వైరు బ్రష్షుతో గొట్టాలు గీకాడు. ఎర్రటి పెచ్చులు రాలాయి. పుల్ల పెట్టి చిల్లు తెరిచాక గాని మూతకి పానా తగిలించలేదు. మొదటి సిలిండర్ వంచితే తుప్పు బురద కారింది. యాసిడ్ సీసా ఎండి ఉంది. రెండోదీ అంతే. మూడో దాంట్లో బల్లి ఎముకలున్నాయి.

పైనుంచి కుట్టు మిషన్ల చప్పుడు ఆగకుండా వస్తోంది. దుర్గాపూజ అమ్మకాలకి ఆడవాళ్లు గౌన్లు కుడుతున్నారు. మెట్లు ఒక్కటే దారి. ఆ మెట్ల మీద కూడా బట్టల మూటలే.

"రాత్రి నిన్ను లోపలెట్టి తాళం ఏస్తన్నారా ఇంకా?"

"ఏస్తారు. తాళం శేఠ్ ఇంటికెళ్లి పడుకుంటాది, నేనిక్కడ పడుకుంటాను." తీతు నవ్వాడు. "ఒంటికన్నోడు దొంగైతే సగం సరుకే పోతాదని ఆళ్లకి తెలవదు."

ఇంతలో మేనేజరు బాబు వచ్చి, విప్పడమెందుకు, రంగేసి కాగితం అంటిస్తే చాలదా అని కసిరాడు. "అరే దాదా, ఖోల్నా కాహే కో? రంగ్ మారో, కాగజ్ చిప్‌కావో, బస్."

"అందర్ కుఛ్ నహీ హై బాబూ. ఖాలీ," అన్నాడు నరసింహం, ఏమీ లేని సిలిండర్ వంచి చూపిస్తూ.

"కల్ పూజా హై న?" అన్నాడు మేనేజరు, రేపటి పూజే వాటికి మందు అన్నట్టు. ఆ వెంటనే దొంగల అలారం దగ్గరికి తీసుకెళ్లాడు. దాన్ని మాత్రం ఒకటికి నాలుగుసార్లు మోగింపించాడు. షట్టరు తాకితే గంటకి బజారంతా దద్దరిల్లింది. మేనేజరు తృప్తిగా తలూపి, విశ్వకర్మ ప్రతిమ కొనడానికి వెళ్లిపోయాడు.

నరసింహం ఆ గంట కింద నిలబడిపోయాడు. గుడ్డ పోతే ఊరు లేస్తుంది. మనిషి కాలితే ఎర్ర రంగు ఉంది. సంచి భుజానేసుకుని, రంగు డబ్బా పట్టుకుని మళ్లీ సైకిలెక్కాడు.

రామమూర్తి గారు కొబ్బరికాయలకి పీచు తీయిస్తున్నాడు. నరసింహం రంగు డబ్బా, లేబుళ్లు బల్ల మీద పెట్టి, తిన్నగా కొట్టులోకి వెళ్లి పై అరలోంచి డబ్బాలు దింపాడు.

"అవెందుకు దింపుతున్నావ్?"

"వీటి మీద గోదాం పేరున్నాది."

"నువ్వు నా దగ్గర పని చేస్తున్నావా, శేఠ్ దగ్గరా?"

"తీతుని లోపలెట్టి తాళం ఏస్తన్నారు బాబుగారూ. పైన ఆడోళ్లున్నారు."

"తీతు! ఆ తీతుకి అన్నం పెట్టింది నేను."

"కన్ను పోయినాక పెట్టినారు."

"అది దైవఘటన అని అప్పుడే..."

"దేవుడి మీదెయ్యకండి!" కొబ్బరికాయలు వలుస్తున్నవాడు ఉలిక్కిపడ్డాడు. అన్నేళ్లలో ఆ గదిలో నరసింహం గొంతు అంత పైకి లేవలేదు. "గొట్టం గీకకుండా ఏడాదేడాదీ లేబులంటించింది దేవుడా? మీరు రేపు కాయ కొడతారు, నేనూ కొడతాను. ఆయనకి సెవులున్నాయండి!"

రామమూర్తి గారి మొహం నల్లబడింది. "ఆ డబ్బాలతో గడప దాటావో, మళ్లీ ఈ గడప తొక్కకు."

నరసింహం డబ్బాలు సైకిలు క్యారియరుకి తాడుతో కట్టాడు. ముడి బిగిస్తుంటే బొటనవేలు గోరు విరిగింది. నోట్లో పెట్టుకుని చప్పరించి సైకిలెక్కాడు.

గోదాంలో పైన గౌన్లు కుట్టే సూసన్న రెండు బకెట్ల నీళ్లు దింపింది. "ఏటి మావా, పూజ మాకేనేటి?" అంది, మెట్ల మీదే నిలబడి చూస్తూ.

"ఆఁ, మీకే."

సోడా పొడి నీళ్లలో కలిపి, గరాటుతో పోశాడు. సీసా గూట్లో కొత్త యాసిడ్ సీసా నిలబెట్టాడు. తోలు వాషరు మార్చాడు. మూత బిగించేటప్పుడు సిలిండర్ తిరిగిపోతుంటే తీతు పీట దిగివచ్చి, నేల మీద కూర్చుని, దాన్ని రెండు మోకాళ్ల మధ్య గట్టిగా పట్టాడు. కన్ను పోయాక వాటిని ముట్టుకోవడం అదే మొదలు. మొహం మాత్రం పక్కకి తిప్పుకున్నాడు.

"రేపూ నిప్పు రాదు," అన్నాడు తీతు, అలాగే పక్కకి చూస్తూ. "నువ్వు నింపినావని ఎవడికి తెలుస్తాది?"

నరసింహం పానా తిప్పుతూనే ఉన్నాడు. "అదేరా, నేనూ ఎప్పట్నించో అడుగుదామనుకుంటన్నాను."

"ఎవర్ని?"

"ఆయన్నే. అప్పన్నని."

"నాకు తెలిసింది గదా," అన్నాడు తీతు. "నాకు తెలిస్తే సాలదేటి?"

నరసింహం మూత ఇంకో చుట్టు బిగించాడు.

ప్రతిమతో తిరిగొచ్చిన మేనేజరు గోడంతా చూశాడు. "లేబుల్ కహాఁ?"

"లేబుల్ మాలిక్ కే పాస్. దవాయీ తుమ్హారే పాస్," అన్నాడు నరసింహం, మందు చేరింది గదా అన్నట్టు సిలిండర్లు చూపిస్తూ.

"ఇన్‌స్పెక్టర్ కో క్యా దిఖాయేంగే?" అని, చూపించడానికేముందని మేనేజరు అరుస్తూనే ఉన్నాడు. నిండిన సిలిండర్లకి కాగితం లేదు. నిరుడు ఖాళీవాటికి ఉంది. నరసింహం చేతులు కడుక్కున్నాడు. మంచి చొక్కాకి కుడివైపు చిల్లు పడింది.

సంచి సర్దుకుంటూ పానా తుడిచాడు. ఎప్పటిలా సంచిలో వెయ్యలేదు. తీతు చేతిలో పెట్టాడు.

"ఇదేటి?"

"పనయిపోయినాక ఇచ్చెయ్యమన్నావు గదా."

తీతు వేళ్లు పానా మీద తన పాత గాటు కోసం వెతికాయి. దొరికింది. "ఇన్నేళ్లకి వడ్డీ ఏదోయ్?" అన్నాడు.

"గోడమ్మట నిండుగా నిలబడున్నాది, సూడు."

సైకిలు నడిపించుకుంటూ నరసింహం బజారు జనంలో కలిసిపోయాడు.

మర్నాడు పొద్దున్న పురోహితుడు వచ్చి గోడ వెంట బొట్లు పెట్టుకుంటూ పోయాడు. అప్పటికే తీతు ఒక్కో గొట్టానికి గుడ్డపీలిక చుట్టి ఉంచాడు. పురోహితుడు విసుక్కుని, చివరి సిలిండర్ పక్కన మేకుకి వేలాడుతున్నదానికి కూడా ఓ బొట్టు పెట్టి వెళ్లాడు. అందరూ ప్రసాదానికి పోయాక తీతు లేచి, లుంగీ అంచుతో ఆ బొట్టు తుడిచేశాడు. మేకు మీద ఇత్తడి పానా కాసేపు అటూ ఇటూ ఊగి, ఆగింది.