కావేరి నీళ్ళ డ్రమ్ము

మంగళవారం ఉదయం ఆరున్నరకు పళ్ళు తోముకుంటున్న సత్యప్రియ చిగుళ్ళలోంచి నెత్తురు వచ్చింది. ఏడేళ్ళ ఆ పిల్లకు అంతకు నాలుగు రోజుల ముందు నుంచే జ్వరం. దగ్గర్లోని డాక్టరు మొదట జలుబన్నాడు, తర్వాత కడుపులో ఇన్‌ఫెక్షన్ అన్నాడు, చివరికి ఎందుకో తెలియడం లేదన్నాడు.

అవ్వ కెంపమ్మ, తల్లి ఇంద్రాణి పిల్లను తమ ఊరు పిక్కిలి నుంచి ధర్మపురి ఆస్పత్రికి తీసుకుపోయారు. రెండేళ్ళ తమ్ముడు ప్రతాప్‌ను తాత చంద్రప్ప దగ్గర వదిలారు.

డాక్టరమ్మ టార్చి వేసి నోరు చూసింది. పిక్కిలి పిల్లకు ఇంత తెల్లటి పళ్ళా అని అడిగింది. అంత దిగులులోనూ కెంపమ్మకు ఆ మాట బాగుంది. ఊరి బోరు నీళ్ళలో ఫ్లోరైడు. ఆ నీళ్ళకు కెంపమ్మ పళ్ళు చిన్నప్పుడే గారపట్టాయి. పెళ్ళి ఫోటోలో కూడా నోరు మూసుకునే ఉంది. మనవలకు అలా కాకూడదని హొగెనకల్ నుంచి పైపులో వచ్చే కావేరి నీళ్ళే తాగించింది. పైపు ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు రాదో తెలియదు. అందుకని ఒక డ్రమ్ము నింపి పెట్టింది. అడుగంటకముందే మళ్ళీ నింపేది.

నిలవ నీళ్ళలో దోమ పురుగులు వెతకడానికి వారం వారం వచ్చే ఆరోగ్య కార్యకర్త మాదేశ్వరి చూస్తే పారబోయిస్తుంది. కాబట్టి డ్రమ్మును లోపలి గదిలో రాగుల మూటల వెనక పెట్టి పాత చీర కప్పింది. ఆ గది చల్లన. పిల్లలు పగలు అక్కడే పడుకుంటారు. మాదేశ్వరి వచ్చినప్పుడు పక్కింట్లో నీళ్ళు నిలిచిన టైర్లను తానే చూపించింది. మాదేశ్వరి మెచ్చుకుని, ఈ ఇంట్లో పురుగులు లేవని తలుపు మీద చాక్‌పీసుతో రాసి, తేదీ వేసి పోయింది.

మధ్యాహ్నానికి రక్తపరీక్ష ఫలితం వచ్చింది. డెంగీ. ఇది మురికి కాలువ దోమ కాదని, మంచి నీళ్ళలో పుట్టి పగలు కుడుతుందని, ఇంట్లో ఇంకో బిడ్డ ఉంటే జాగ్రత్త అని డాక్టరమ్మ చెప్పింది. ఆ వేళకు ప్రతాప్ పడుకుని ఉంటాడు. కెంపమ్మ చంద్రప్పకు ఫోను చేసింది.

"ఇదో, నేనే. బిడ్డను ఆ రూములోంచి ఎత్తుకొని రాండి. రాగుల మూటల ఎనక డ్రమ్ముండాది. వాకిట్లో కుమ్మరించండి."

"కావేరి నీళ్ళా? జ్వరం పాపకా, నీకా?"

"కుమ్మరించి, లోపల ఏముండాదో చూసి చెప్పండి."

కొంతసేపటికి చంద్రప్ప మళ్ళీ ఫోను చేశాడు. నీళ్ళ నిండా పురుగులు మెదులుతున్నాయన్నాడు. కోళ్ళు వచ్చి ఏరుకుంటున్నాయన్నాడు.

పక్కనే ఇంద్రాణి వింటూ ఉంది.

"మనింట్లో చుక్క నీళ్ళు నిలవ లేదని మాదేశ్వరికి మీరే గదా అత్తా చెప్పినారు."

కెంపమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

శుక్రవారం సత్యప్రియకు ప్లేట్‌లెట్లు పెరిగాయి. ఆదివారం ఇంటికి పంపారు. ప్రతాప్‌కు అప్పటిదాకా జ్వరం రాలేదు. ఆ వారమంతా పైపులో కావేరి నీళ్ళూ రాలేదు. పిల్లలిద్దరికీ కెంపమ్మ తన చేత్తోనే బోరు నీళ్ళు తాగించింది.

సోమవారం మాదేశ్వరి వచ్చింది. అడగకముందే కెంపమ్మ డ్రమ్ము చూపించింది. ఖాళీగా ఉంది. మాదేశ్వరి తలుపు మీది రాత చెరపలేదు. తేదీ మాత్రం మార్చింది.